కాసినో డీలర్లూ సర్కారు లెక్కలోకే: ఆగ్నేయ కనెక్టికట్‌లో ప్రభుత్వ ఉద్యోగాల సూచిక

రాష్ట్రాలు, టౌన్లు అప్పు కోసం అమ్మే మున్సిపల్ బాండ్లలో మదుపు పెట్టే ఒక సంస్థ, అమెరికా మెట్రో ప్రాంతాలకు స్థిరత్వం మార్కులు వేసే మోడల్ ఒకటి వాడుతుండేది. అందులో ప్రభుత్వ ఉద్యోగాల వాటాకు మంచి వెయిటేజే ఇచ్చారు. మాంద్యం వచ్చినా సర్కారు జీతం ఆగదు, ఆ జీతం మీదే ఊళ్లో అద్దెలూ దుకాణాలూ నడుస్తాయి, కాబట్టి వాటా పెరిగేకొద్దీ ప్రాంతం నిలకడగా ఉంటుందని వాళ్ల అంచనా. దేశం మొత్తం మీద 100 ఉద్యోగాల్లో సుమారు 15 ప్రభుత్వానివి. కనెక్టికట్ రాష్ట్రానికి ఆగ్నేయ మూలన ఉన్న నార్విచ్–న్యూ లండన్ ప్రాంతంలో ఆ వాటా అంతకంటే బాగా ఎక్కువ. మోడల్ దానికి ఉదారంగా మార్కులు వేసింది. ఆ సంస్థలోనే ఒకరికి అనుమానం వచ్చింది: ఇంత నిలకడైన ప్రాంతం 2020 ఏప్రిల్‌లో ఉద్యోగాల్లో అంత లోతుకు ఎందుకు పడింది? అదీ ప్రైవేటు రంగంలో మాత్రమే కాదు, స్థానిక ప్రభుత్వం అనే వరుసలో కూడా. ఆ ప్రశ్న పట్టుకునే మా దగ్గరికి వచ్చారు.

జవాబు పట్టిక అడుగున చిన్న అక్షరాల్లోనే ఉంది. కనెక్టికట్ కార్మిక శాఖ నెలనెలా ఇచ్చే పట్టికలో స్థానిక ప్రభుత్వం వరుస పక్కన చుక్క గుర్తు ఉంటుంది. కిందికి చూస్తే, ఆదివాసీ తెగల ప్రభుత్వాల ఉద్యోగాలు కూడా ఇందులో కలిసి ఉన్నాయని రాసి ఉంటుంది. ఈ ప్రాంతంలో తెగల ప్రభుత్వాల ఉద్యోగాలంటే ప్రధానంగా రెండు కాసినోలు. మషన్‌టకెట్ పీక్వాట్ తెగ 1992లో తెరిచిన ఫాక్స్‌వుడ్స్ ఒకటి, మోహెగన్ తెగ 1996లో తెరిచిన మోహెగన్ సన్ రెండోది. మంచి రోజుల్లో రెండింటిలో కలిపి సుమారు 20 వేల మంది పనిచేశారు. బ్లాక్‌జాక్ బల్ల దగ్గర పేక పంచే డీలరు, హోటల్ గదులు ఊడ్చే మనిషి, బఫేలో వంటవాడు అందరూ గణాంకాల ప్రకారం స్థానిక ప్రభుత్వ ఉద్యోగులే. ఫెడరల్ చట్టంలో వచ్చిన మార్పు వల్ల 2001 నుంచి తెగల యాజమాన్యంలోని సంస్థలను స్థానిక ప్రభుత్వం కింద వేస్తున్నారు. ఈ వరుసకు ప్రభుత్వమనే పేరు నేతిబీరకాయలో నెయ్యి లాంటిది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ బీఎల్‌ఎస్ ఉద్యోగాలను యాజమాన్యం బట్టి విడదీస్తుంది. జీతం చెక్కు ఎవరిస్తారన్నదే గీటురాయి. ఏం పని చేస్తారు, ఆ జీతానికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అన్నవి ఈ విభజనలోకి రావు. ప్రాంతం నిలకడ గురించి అడిగేవాళ్లకు కావలసినవి మాత్రం ఆ రెండే. పన్ను డబ్బుతో నడిచే బడి, జూదం ఆదాయంతో నడిచే హోటల్ ఒకే వరుసలో కూర్చుంటే ఆ వరుస ఏదీ చెప్పదు.

ఏం లెక్కలో ఉంది, ఏం లేదు

కాసినోల సంగతి ఎవరో ఒకరు గమనిస్తారు. లెక్కలో లేనివాటిని గమనించడమే కష్టం, ఈ ప్రాంతంలో అవి పెద్దవి కూడా.

న్యూ లండన్ పేరుతో ఉన్న నౌకాదళ జలాంతర్గాముల స్థావరం నిజానికి నది అవతల గ్రోటన్‌లో ఉంది. అక్కడి నావికులు ఫెడరల్ ఉద్యోగాల వరుసలో ఉండరు. ఈ పట్టికలకు ఆధారం యజమానులను అడిగే నెలవారీ సర్వే; యూనిఫారం వేసుకున్నవాళ్లెవరినీ అది లెక్కించదు. సీఐఏ, ఎన్‌ఎస్‌ఏ లాంటి గూఢచారి సంస్థల సిబ్బందినీ లెక్కించదు. స్థావరంలోని సివిలియన్ ఉద్యోగులు మాత్రం వస్తారు. న్యూ లండన్‌లోని కోస్ట్ గార్డ్ అకాడమీదీ ఇదే తీరు: క్యాడెట్లు, అధికారులు బయట, సివిలియన్ సిబ్బంది లోపల.

2005లో ఈ స్థావరాన్ని మూసేయాలని పెంటగాన్ ప్రతిపాదించింది. ప్రాంతమంతా గగ్గోలు పెట్టింది. ఆ ఏడాది ఆగస్టు 24న స్వతంత్ర కమిషన్ ఆ పేరును జాబితా నుంచి తీసేసింది. ఒకవేళ మూసేసి ఉంటే, అక్కడి వేలాది నావికులు, వాళ్ల కుటుంబాలు, వాళ్లు కట్టే అద్దెలు, పిల్లలు చదివే బడులు అన్నీ కదిలిపోయేవి. మన సూచికలోని ఫెడరల్ వరుసలో మాత్రం సివిలియన్ల మేరకే తగ్గుదల కనిపించేది.

ఇక గ్రోటన్‌లోనే జలాంతర్గాములు కట్టే ఎలక్ట్రిక్ బోట్ ఉంది. జనరల్ డైనమిక్స్ కంపెనీ విభాగం, కాబట్టి ప్రైవేటు. దాని ఉద్యోగాలు తయారీ రంగంలో పడతాయి. కానీ దాని ప్రధాన కస్టమరు అమెరికా నౌకాదళం. వర్జీనియా తరగతి, కొలంబియా తరగతి జలాంతర్గాముల ఆర్డర్ల కోసం ఇటీవలి ఏళ్లలో వేలల్లో నియామకాలు చేస్తోంది. ప్రభుత్వ ఖర్చు మీద ఇంతగా ఆధారపడిన ప్రైవేటు ఉద్యోగం ఈ ప్రాంతంలో మరొకటి లేదు, అయినా ప్రభుత్వ వరుసలో అది సున్నా.

జూదగాళ్ల జేబు మీద ఆధారపడ్డ ఉద్యోగం ప్రభుత్వానిది, అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) బడ్జెట్ మీద ఆధారపడ్డ ఉద్యోగం ప్రైవేటుది. మోడల్ ఇచ్చిన మార్కులు పూర్తిగా తలకిందులయ్యాయని మేం చెప్పడానికి ఇదే కారణం.

న్యూ మెక్సికోలోనూ ఇలాంటిదే ఉంది కాబట్టి ఇక్కడ చెప్పాలి. లాస్ అలమోస్ అణు ప్రయోగశాలను దశాబ్దాల పాటు ప్రభుత్వ యూనివర్సిటీ అయిన కాలిఫోర్నియా యూనివర్సిటీ నడిపింది. 2006 జూన్ 1న నిర్వహణ ఒక ప్రైవేటు కంపెనీకి మారింది. అదే ప్రయోగశాల, అదే పని, అదే ఫెడరల్ డబ్బు. ఉద్యోగాలు మాత్రం ప్రభుత్వ వరుస నుంచి ప్రైవేటు వరుసకు దూకాయి. ఆ ఏడాది గ్రాఫు ఒక్కటే చూసినవాళ్లకు న్యూ మెక్సికో ప్రభుత్వం భారీ కోతలు పెట్టినట్టు అనిపిస్తుంది.

రెండు మూసివేతలు, రెండు రకాల మౌనం

మేం ఎక్కువసేపు కూర్చున్నది రెండు సంఘటనల మీద. ఒకే సూచిక, ఒకే ప్రాంతం. ఒకసారి దెబ్బను అస్సలు చూపలేదు, ఇంకోసారి దెబ్బను చూపింది కానీ తప్పు పేరు మీద చూపింది.

మొదటిది 2018 డిసెంబరు 22న మొదలై 2019 జనవరి 25 వరకు 35 రోజులు సాగిన ఫెడరల్ షట్‌డౌన్, అంటే బడ్జెట్ ఆమోదం పొందక కొన్ని ఫెడరల్ శాఖలకు నిధులు ఆగిపోవడం. రక్షణ శాఖ నిధులు అప్పటికే ఆమోదం పొందాయి కాబట్టి నౌకాదళానికి జీతాలు అందాయి. కోస్ట్ గార్డ్ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంటుంది, దానికి అందలేదు. జనవరి 15న కోస్ట్ గార్డ్ వాళ్లకు రావలసిన జీతం రాలేదు. గ్రోటన్‌లో నౌకాదళ కుటుంబానికి జీతం వచ్చింది, నది దాటి న్యూ లండన్‌లో కోస్ట్ గార్డ్ కుటుంబం అద్దె కోసం వెతుక్కుంది. జీతం రాని ఫెడరల్ ఉద్యోగులకు బ్యాంకుల ద్వారా వడ్డీ లేని అప్పులు ఇప్పించే పథకాన్ని కనెక్టికట్ రాష్ట్రం ఆ జనవరిలోనే తెచ్చింది.

ఉద్యోగాల పట్టికలో ఇదేదీ కనిపించదు. యూనిఫారం వాళ్లు ఎలాగూ లెక్కలో లేరు. ఇంటికి పంపిన సివిలియన్లకు ఆ రోజుల జీతం తర్వాత తప్పక చెల్లించాలని అదే నెల చట్టం వచ్చింది, అందువల్ల యాజమాన్యాల సర్వే వాళ్లను ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కించింది. ఇళ్లకు వెళ్లి అడిగే సర్వే మాత్రం అదే మనుషులను తాత్కాలికంగా పని పోయిన నిరుద్యోగులుగా లెక్కించింది. రెండు సర్వేలూ తమ నియమాల ప్రకారం సరిగానే ఉన్నాయి. ఇలాంటి నెలల్లో ప్రభుత్వ ఉద్యోగాల సంఖ్య ఒక్కటే చూసి పరిస్థితి మామూలుగా ఉందనడం కుదరదు. ఫెడరల్ ఉద్యోగుల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వారంవారం విడిగా వస్తాయి. షట్‌డౌన్ సమయంలో నిజంగా పనికొచ్చే సంఖ్య అదే.

2025 కూడా దీనికి తోడైంది. స్వచ్ఛందంగా తప్పుకోవడానికి ఒప్పుకున్న ఫెడరల్ ఉద్యోగుల్లో చాలామంది నెలల తరబడి జీతంతో కూడిన సెలవులో ఉన్నారు, కాబట్టి లెక్కలో కొనసాగారు. సెప్టెంబరు 30తో ఆ గడువు ముగిశాక, అక్టోబరు ఒక్క నెలలోనే దేశవ్యాప్తంగా ఫెడరల్ ఉద్యోగాలు లక్షన్నరకు పైగా పడిపోయాయి. వాళ్లు పని మానేసింది వసంతంలో, గ్రాఫులో పడింది శరత్తులో. పైగా అక్టోబరు 1 నుంచి 43 రోజుల షట్‌డౌన్ వల్ల ఆ నెల ఇంటింటి సర్వే అసలు జరగనే లేదు.

రెండోది 2020 మార్చిలో కొవిడ్ మూసివేత. మార్చి 17 రాత్రి రెండు కాసినోలూ తలుపులు మూశాయి. ఉద్యోగాల సర్వే ప్రతి నెలా 12వ తేదీ ఉన్న జీతాల వ్యవధిని చూస్తుంది. మార్చి 12 నాటికి డీలర్లు బల్లల దగ్గరే ఉన్నారు. అందుకే మార్చి సంఖ్యలో కాసినోల దెబ్బ లేదు, ఏప్రిల్‌లో మొత్తం ఒక్కసారిగా దిగింది. జూన్ 1న కాసినోలు పాక్షికంగా తెరిచాయి, కాబట్టి జూన్ 12 వ్యవధిలో కొంత తిరిగి లేచింది. ఇంటికి పంపిన ఫెడరల్ ఉద్యోగికి వెనక జీతం వస్తుంది కాబట్టి అతను లెక్కలో ఉంటాడు. ఇంటికి పంపిన డీలరుకు ఆ వ్యవధిలో జీతం లేదు కాబట్టి అతను లెక్కలోంచి పోతాడు. ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులే, ఇద్దరూ ఇంట్లోనే కూర్చున్నారు.

గ్రాఫు ఒక్కటే చూసినవాళ్లకు ఏప్రిల్ పతనం టౌన్లు టీచర్లను, పోలీసులను తీసేసినట్టు కనిపిస్తుంది. పన్నుల ఆదాయం కూలిపోయి టౌన్లు చేతులెత్తేశాయని అర్థం చేసుకుంటే, బాండ్లు పట్టుకున్నవాడు వాటిని తెగనమ్ముకుంటాడు. జరిగింది అది కాదు.

నిజమైన స్థానిక ప్రభుత్వం ఎలా కదులుతుంది

కాసినోలను పక్కన పెడితే మిగిలేది టౌన్లు, వాటి బడులు. కనెక్టికట్‌లో 1960 నుంచి కౌంటీ ప్రభుత్వాలు లేవు, బడులు ప్రధానంగా టౌన్ల చేతిలోనే ఉంటాయి. టౌన్ల ఆదాయానికి వెన్నెముక ఆస్తి పన్ను. ఆస్తుల విలువను అయిదేళ్లకోసారి తిరిగి కట్టాలని రాష్ట్ర చట్టం. బడ్జెట్ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఇళ్ల ధరలు పడిన సంవత్సరానికీ, పన్ను లెక్కలో ఆ పతనం దిగే సంవత్సరానికీ, టౌన్ మీటింగ్‌లో టీచరు పోస్టు ఖాళీగా వదిలేయాలని తీర్మానించే సంవత్సరానికీ మధ్య బోలెడు దూరం. అందుకే స్థానిక ప్రభుత్వ ఉద్యోగాలు వెనకగా కదిలే సూచిక. ముందస్తు హెచ్చరిక దీన్నుంచి ఆశించకూడదు.

2008 తర్వాత దేశమంతా ఇదే కనిపించింది. 2009 ఉద్దీపన చట్టం కింద వచ్చిన ఫెడరల్ డబ్బు కొంతకాలం ఆదుకుంది. అది అయిపోయాక, ప్రైవేటు రంగం కోలుకోవడం మొదలుపెట్టిన ఏళ్లలోనే రాష్ట్ర, స్థానిక ఉద్యోగాలు తగ్గుతూ పోయాయి. కాసినోల వల్ల ఈ ప్రాంతంలో ఆ క్రమం కలగాపులగమైంది. ఫాక్స్‌వుడ్స్ 2008 శరత్తులోనే సిబ్బందిని తగ్గించింది. అంటే స్థానిక ప్రభుత్వం అనే ఒకే వరుసలో ఒక భాగం మాంద్యంతో పాటే పడింది, మరో భాగం అది అయ్యాక. రెండూ కలిసి గ్రాఫులో ఒక సాఫీ వాలు. ఆ వాలును చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

బడుల రుతువు సంగతి గుర్తుంచుకోవాలి. వేసవిలో బడి సిబ్బంది సంఖ్య పడిపోతుంది, రుతువును బట్టి సవరించిన లెక్క ఆ పతనాన్ని ముందే ఊహించి సరిచేస్తుంది. 2020లో బడులు వసంతంలోనే మూతపడి ఆ తగ్గుదల ముందే జరిగిపోయింది. జూలైలో మామూలుగా తగ్గాల్సినంత తగ్గలేదు, దాంతో సవరించిన లెక్కలో ప్రభుత్వ ఉద్యోగాలు దేశవ్యాప్తంగా 3 లక్షలు పెరిగినట్టు తేలింది. ఎవరూ కొత్తగా చేరలేదు. ప్రాంతం స్థాయిలో మేం సవరించని సంఖ్యను తీసుకుని, ఏడాది క్రితం అదే నెలతో పోల్చడమే మేలనుకున్నాం. జనగణన ఏళ్లలో అయితే అది కూడా చాలదు. 2010 మే నెలలో తాత్కాలిక జనగణన సిబ్బంది చేరికే 4 లక్షలు దాటింది. ఆ తర్వాతి మే నెలను దానితో పోల్చితే ఫెడరల్ ప్రభుత్వం కూలినట్టు కనిపిస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వం వరుసలో 2022లో ఒక గుంట ఉంది. ఆ ఏడాది జూలై 1 తర్వాత పదవీ విరమణ చేసేవాళ్లకు పింఛను నియమాలు మారుతున్నాయని వేలమంది రాష్ట్ర ఉద్యోగులు గడువుకు ముందే వెళ్లిపోయారు. దాన్ని ఆర్థిక వ్యవస్థ బలహీనత అనుకోనక్కర్లేదు.

మేం ఏం చేశాం

క్లయింటుకు ఒకే సంఖ్య కావాలి. మోడల్‌లో ఒకే గడి ఉంది మరి. ముందు ఆ గడిని విడగొట్టడానికి ఒప్పించాం. ఫెడరల్ సివిలియన్, రాష్ట్రం, తెగలు మినహా స్థానికం, తెగలు అని నాలుగు వరుసలు చేసి, పక్కన లెక్కలో లేని రెండింటిని చేర్చాం: సైనిక సిబ్బంది, జలాంతర్గాముల తయారీ.

నెలవారీ సర్వే ఇంత చిన్న ప్రాంతంలో ఇన్ని ముక్కలు ఇవ్వదు. అందుకు నిరుద్యోగ బీమా పన్ను దాఖలాల నుంచి వచ్చే త్రైమాసిక లెక్క, క్యూసీఈడబ్ల్యూ, ఆధారం. అది శాంపిల్ సర్వే కాదు, దాఖలాల పూర్తి లెక్క. దేశంలో 95 శాతానికి పైగా ఉద్యోగాలు అందులో ఉంటాయి. నెలవారీ అంచనాలను ఏటా సరిచేసేది కూడా దీనితోనే. ఇందులో యాజమాన్యం కోడు వేరు, పరిశ్రమ కోడు వేరు: ఫెడరల్ 1, రాష్ట్రం 2, స్థానికం 3, ప్రైవేటు 5. కాబట్టి స్థానిక ప్రభుత్వం లోపల బడి ఎంత, పరిపాలన ఎంత అని విడివిడిగా అడగొచ్చు. ఇబ్బందులు రెండు. కొన్ని నెలలు ఆలస్యంగా వస్తుంది. ఒక పరిశ్రమలో యజమానులు ఒకరిద్దరే ఉన్నచోట గోప్యత నియమం వల్ల గడి ఖాళీగా రావచ్చు. అప్పుడు స్థానిక మొత్తంలోంచి బడులు, పరిపాలన, నీటి సరఫరా లాంటివి తీసేస్తే మిగిలేదాన్ని తెగల ఉద్యోగాలకు ఉజ్జాయింపుగా తీసుకున్నాం. మోటు పద్ధతే, కానీ ప్రశ్న కూడా మోటుదే.

సైనికుల లెక్కను ఆర్థిక విశ్లేషణ సంస్థ బీఈఏ వార్షిక పట్టికల నుంచి తీసుకున్నాం. అది ఆలస్యమైనా, స్థావరం సిబ్బంది నెలనెలా మారిపోయేదేమీ కాదు.

సరిహద్దుల దగ్గర మాత్రం జాగ్రత్త పడాల్సి వచ్చింది. పాత నిర్వచనంలో రోడ్ ఐలండ్‌లోని వెస్టర్లీ ఈ ప్రాంతంలో ఉండేది. కొత్త నిర్వచనంలో అది పోయి, విల్లిమాంటిక్ చేరింది. విల్లిమాంటిక్‌లో ఈస్టర్న్ కనెక్టికట్ స్టేట్ యూనివర్సిటీ ఉంది. అంటే ఒక్క కొత్త పోస్టూ లేకుండానే రాష్ట్ర ప్రభుత్వం వరుసలోకి ఒక యూనివర్సిటీ వచ్చి కూర్చుంది. జనగణన విభాగం కూడా 2022లో కనెక్టికట్ ఎనిమిది కౌంటీల స్థానంలో తొమ్మిది ప్రణాళికా ప్రాంతాలను తీసుకుంది. పాత వరుసనూ కొత్త వరుసనూ అతికించొద్దని ఫైలు మీదే రాసిపెట్టాం, అయినా ఎవరో ఒకరు అతికిస్తారు.

విడగొట్టాక మార్కులు ఎలా మారాయంటే, టౌన్లు, బడులు, రాష్ట్రం, ఫెడరల్ సివిలియన్లు కలిసిన అసలు ప్రభుత్వ వాటాకు పాత వెయిటేజే ఉంచాం. తెగల వరుసను హోటళ్లు, వినోదంతో కలిపి ఆర్థిక ఒడిదుడుకులతో పాటు లేచి పడే (సైక్లికల్) రంగంలో వేశాం. ఎలక్ట్రిక్ బోట్‌ను మాత్రం స్థిరం అని గానీ అస్థిరం అని గానీ ముద్ర వేయలేదు. దానికి మాంద్యం భయం లేదు, నౌకాదళం కొనుగోళ్ల ప్రణాళిక మారుతుందన్న భయం ఉంది. ఆ రిస్కును విడిగా చూడాలని రాశాం. క్లయింటుకు ఇది నచ్చలేదు, గడి నింపమన్నారు. నింపలేదు.

చివరికి తేలనిది కాసినోల ముందస్తు సూచన. 1993, 1994లో రెండు తెగలతో కుదిరిన ఒప్పందాల ప్రకారం స్లాట్ మెషీన్ల ఆదాయంలో 25 శాతం రాష్ట్రానికి వస్తుంది. ఆ లెక్క నెలనెలా బయటకు వస్తుంది కాబట్టి, తెగల ఉద్యోగాలకు ముందే జాడ పట్టడానికి దాన్ని వాడదామనుకున్నాం. 2018 ఆగస్టులో మాసచూసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎంజీఎం, మరుసటి ఏడాది జూన్‌లో బోస్టన్ పక్కన ఎన్‌కోర్ తెరిచాక పోటీ ఎలా ఉందో అందులో చూడొచ్చు. అయితే 2021 అక్టోబరులో కనెక్టికట్‌లో ఆన్‌లైన్ కాసినోలకు చట్టబద్ధంగా తెర లేచింది. ఆ జూదానికి వేరే పన్ను: మొదటి అయిదేళ్లు 18 శాతం, తర్వాత 20. ఫోనులో స్లాట్ ఆడేవాడికి డీలరు అక్కర్లేదు, గది ఊడ్చే మనిషి అక్కర్లేదు. తెగల ఆదాయం పెరుగుతూ ఉద్యోగాలు పెరగకపోవడం ఇప్పుడు సాధ్యమే. అందుకని పట్టికలో భౌతిక స్లాట్ల ఆదాయాన్ని మాత్రమే ఉంచి, ఆన్‌లైన్ దాన్ని రాష్ట్ర ఖజానా రాబడి కింద వేరే షీటులో పెట్టాం.